నలభై రోజుల వేట, ఒక్క జంతువూ చావదు: అహోబిలం పారువేట

పోయిన నెల మా బీటెక్ బ్యాచ్ గ్రూపులో ఒక ఫోటో పడింది. కెనడాలో, ఆల్బర్టాలో ఉండే మావాడొకడు పెట్టాడు. మంచు కాస్త కాస్త పడిన గడ్డి మీద ఒక పెద్ద జంతువు పడి ఉంది. కొమ్ములు రెండు అరచేతులు చాపినట్టు వెడల్పుగా ఉన్నాయి. దాని వెనకాల నారింజ రంగు జాకెట్లు వేసుకొని నలుగురు. నాలుగోవాడు మావాడు.

ఆ జంతువు పేరు మూస్. జింకల కుటుంబంలో ప్రపంచంలోనే పెద్దది అదే. ఎదిగిన మగది 500 కిలోలు దాటిపోతుంది. మన అడవుల్లో పెద్ద జింక అంటే కణితి, కొందరు కణుజు అని కూడా అంటారు. అది బాగా ఎదిగితే 300 కిలోల దగ్గరికి వస్తుంది. మూస్ పక్కన నిలబెడితే మన కణితి దూడలా కనిపిస్తుంది.

ఫోటో కింద వాయిస్ మెసేజ్. "లైసెన్సుకి లాటరీ తీస్తారు మామా, పేరు రావాలి. వచ్చినాక నలుగురు ఫ్రెండ్సు కలిసి పోయినాము. కొట్టింది ఒక్కటే, దాన్ని ముక్కలు చేసి మోసుకొచ్చేసరికి నడుములు పడిపోయినాయి. ఇంక ఏడాదంతా ఫ్రీజర్ ఫుల్లు. మన నంద్యాలలో ఇట్లాంటిది ఏముంది రా? వేట అంటే సినిమాలో చూడాల్సిందే."

వాడిది గుంటూరు వైపు. నాలుగేళ్ళు నంద్యాలలో చదివాడు. నేను రిప్లై పెట్టాను: "రేయ్, మీ వేట వారం రోజులేమో. మాది 40 రోజులు. ప్రతి ఏడూ." వాడు నమ్మలేదు. నాలుగేళ్ళు మా పక్క బెంచీలో కూర్చున్నవాడికే తెలియదంటే, ఫోన్లో ఈ వీడియో చూస్తున్న మీలో చాలామందికి తెలిసుండదు అనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది ఈ ఎపిసోడ్‌కి. అది మధ్యలో చెప్తాను, ఎందుకంటే అది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

ముందు మ్యాప్ చూద్దాం. నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకొని దక్షిణానికి పోతే శిరివెళ్ళ వస్తుంది, తర్వాత ఆళ్ళగడ్డ. దారి పొడుగునా ఎడమ చేతివైపు నీలంగా ఒక గోడ మనతోనే వస్తూ ఉంటుంది. అది నల్లమల. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు, ఆ ఉలి చప్పుడు మీరు బస్సులో పోతున్నా వినిపిస్తుంది. అక్కడ ఎడమకు తిరిగి కొండల్లోకి పోతే అహోబిలం. దిగువ అహోబిలం ఒకటి, అక్కడి నుంచి అడవిలో 8 కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. చుట్టుపక్కల అడవిలో, గుహల్లో, వాగుల పక్కన మొత్తం తొమ్మిది నరసింహ క్షేత్రాలు.

ఈ నరసింహ స్వామి సంక్రాంతి మరుసటి రోజు, అంటే కనుమ నాడు, వేటకు బయల్దేరతాడు. దాన్నే పారువేట అంటారు. మావైపు జనం నోట్లో అది పార్వేట. పారు అనే మాటకి పరిగెత్తడం అనే అర్థం ఉంది, కాబట్టి తరుముకుంటూ చేసే వేట అనుకోవచ్చు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాద వరదుడు, ఇద్దరూ ఒకే పల్లకీలో ఎక్కుతారు. అట్లా బయల్దేరిన పల్లకీ ఆళ్ళగడ్డ చుట్టుపక్కల మండలాల్లో 30కి పైగా ఊళ్ళు తిరుగుతుంది. దాదాపు 40 రోజులు స్వామి ఊళ్ళమీదే ఉంటాడు. మళ్ళీ కొండకు చేరేది ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల ముందు.

తిరుమలలో కూడా పారువేట ఉంది, కనుమ రోజే. అక్కడ మలయప్ప స్వామి పారువేట మంటపం దాకా పోయి, ఉత్సాహంగా వేట ఆట ఆడి అదే రోజు గుడికి వచ్చేస్తాడు. ఒక్కరోజు టూరు. అహోబిలంలో అదే వేట నలభై రోజులు. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే అసలు కథ.

మా అవ్వది ఆ ఊళ్ళలో ఒకటి. నా చిన్నప్పుడు సంక్రాంతికి పోకపోయినా ఏమీ అనేది కాదు. పార్వేటకి రాకపోతే మాత్రం మా అమ్మతో నెల రోజులు మాట్లాడేది కాదు. పల్లకీ ఊరికి వచ్చేది సాధారణంగా చీకటి పడ్డాకే. ఊరి చివర దూరంగా దివిటీ వెలుగు కనిపించగానే పిల్లలం పరిగెత్తేవాళ్ళం. ఊళ్ళో ఒక అరుగు, సంవత్సరమంతా దాని మీద ముసలోళ్ళు బీడీలు తాగుతూ కూర్చుంటారు, ఆ ఒక్కరోజు సున్నం కొట్టి స్వామికి వదిలేస్తారు. ఇంటింటికీ చుట్టాలు, ఓళిగలు, కొత్త బట్టలు. ఆడపిల్ల అత్తగారింటి నుంచి వచ్చినట్టు ఊరంతా హడావిడి. బీటెక్‌లో ఉన్నప్పుడు నేను ముగ్గురు ఫ్రెండ్స్‌ని రెండు బండ్లమీద తీసుకుపోయాను. రాత్రి పల్లకీ వెనకాల పక్క ఊరి దాకా పొలాల గట్ల మీద నడిచాం. శనగ చేలు కాపు మీద ఉన్నాయి, దారిలో పచ్చి శనక్కాయలు పీక్కొని తిన్నాం. మా వేటలో మాకు దొరికింది అదే.

సరే, స్వామి దేన్ని వేటాడుతున్నాడు? ఇక్కడ కథ వినాలి. హిరణ్యకశిపుణ్ణి చంపాక నరసింహుడి కోపం తగ్గలేదు. అడవిలో తిరుగుతూ ఉన్నాడు. ఒక చెంచు పిల్ల కనపడింది. చెంచులక్ష్మి. ఆమెను చూసి మనసు పడ్డాడు, పెళ్ళి చేసుకున్నాడు. మీ ఇంట్లో పెద్దోళ్ళని అడగండి, 1958లో వచ్చిన అక్కినేని, అంజలీదేవి సినిమా "చెంచులక్ష్మి" గురించి గంట చెప్తారు. 1943లో ఇంకో "చెంచులక్ష్మి" కూడా వచ్చింది. అంటే మన సినిమాకి ఈ కథ రెండుసార్లు పనికొచ్చింది.

ఈ పెళ్ళితో ఏమైందంటే, నల్లమల చెంచులు దేవుడికి బావమరుదులు అయిపోయారు. పారువేట అంటే అల్లుడు అత్తగారి ఊళ్ళు తిరిగి, నా కల్యాణానికి రండి అని స్వయంగా పిలవడం అని ఊళ్ళలో చెప్పుకుంటారు. పెళ్ళికార్డు పట్టుకొని పెళ్ళికొడుకే వచ్చినట్టు. మొదట్లో ఒక ఘట్టం ఉంటుంది. పల్లకీ బయల్దేరేటప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ వైపు బాణం వేస్తారు. దేవుడి మీదికి బాణమా అని మొదటిసారి చూసినవాళ్ళు ఉలిక్కిపడతారు. స్వామికి రక్ష అని కొందరు అంటారు. నాకైతే మన పెళ్ళిళ్ళలో బావను మరుదులు ఆటపట్టించినట్టే ఉంటుంది. చెప్పులు దాచే బదులు బాణం వేస్తున్నారు, అంతే.

ఇంక చరిత్రలోకి వద్దాం.

ఈ కొండల గురించి మనకున్న పాత సాక్ష్యాల్లో ఒకటి తమిళంలో ఉంది. తిరుమంగై ఆళ్వార్ అని సుమారు 8, 9 శతాబ్దాల నాటి వైష్ణవ కవి. ఆయన అహోబిలం మీద పది పాసురాలు పాడాడు. మామూలుగా క్షేత్రాల గురించి పాడితే తామరకొలనులు, మేడలు, తోటలు ఉంటాయి కదా. ఇందులో ఎండిన చెట్లు, రాళ్ళు, దాటలేని దారులు ఉంటాయి. వాటితోపాటు చేతిలో విల్లు పట్టుకున్న వేటగాళ్ళు, ఆగకుండా వినిపించే వాళ్ళ అరుపులు. అంటే ఆ రోజుల్లోనే బయటివాళ్ళకి అహోబిలం అంటే గుర్తొచ్చింది వేటగాళ్ళ కొండ. అక్కడ వేట ముందునుంచీ ఉంది. పల్లకీ, మంటపం తర్వాత వచ్చాయి.

తర్వాత రాజులు వచ్చారు. పాతకాలం రాజులకి వేట ఒక సరదా, నిజమే. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు సోమేశ్వరుడు రాయించిన "మానసోల్లాసం"లో వినోదాల కింద వేటకి పెద్ద చోటే ఇచ్చారు. హంపిలో మహానవమి దిబ్బ ఎక్కినవాళ్ళు ఆ రాతి పలకలు చూసే ఉంటారు, వేటగాళ్ళు, జింకలు, కుక్కలు, వరసలు వరసలుగా. మీరు సెల్ఫీ తీసుకున్న ఫోటోలో వెనకాల ఉంటాయి, జూమ్ చేసి చూడండి.

సరదాతో పాటు వేటలో ఇంకో పని కూడా జరిగేది. రాజు వేటకి పోతున్నాడంటే ఒక్కడే పోడు. గుర్రాలు, బంట్లు, వంటవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, అందరూ కదులుతారు. దారిలో ఉన్న ప్రతి ఊరూ వాళ్ళకి తిండి పెట్టాలి, మర్యాద చేయాలి. రాజు ఊరిని చూస్తాడు, ఊరు రాజును చూస్తుంది. ఈ ఊరు నాది అని పేపరు మీద రాయకుండానే తెలిసిపోతుంది. ఈ కాలం మాటల్లో చెప్తే జింక ఒక సాకు, అసలు పని ఫీల్డ్ విజిట్.

ఇప్పుడు పారువేటని ఆ కళ్ళతో చూడండి. కోతలు అయి ధాన్యం ఇళ్ళకు చేరిన టైములో, గుడి నుంచి బయల్దేరి, ముప్పై పైచిలుకు ఊళ్ళు తిరిగి, ప్రతి ఊళ్ళో కొలువుతీరి, కానుకలు, నైవేద్యాలు తీసుకొని, ఆ ఊరివాళ్ళని ఉత్సవానికి పిలిచి వెనక్కి పోవడం. ఇది అచ్చంగా రాజు చేసే వేట యాత్ర. రాజు స్థానంలో దేవుడు ఉన్నాడు. ఇది నా లెక్క, నచ్చకపోతే కొట్టిపారేయండి. కానీ ఒక్కరోజులో అయిపోవాల్సిన ఉత్సవం నలభై రోజులు ఎందుకైంది అన్నదానికి నాకు ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

విజయనగర కాలం వచ్చేసరికి అహోబిలం పెద్ద సంస్థ. అహోబిల మఠం మొదటి జీయరు ఆదివన్ శఠగోప యతి. కళింగ దండయాత్రల కాలంలో కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు, ఊరు ఇచ్చినట్టు శాసనం ఉంది. దిగువ అహోబిలంలో గుడి ముందున్న జయస్తంభాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే చూపిస్తారు. ఆరో జీయరు పారువేటని ఊళ్ళలోకి వైష్ణవాన్ని తీసుకుపోయే దారిగా మలిచారని మఠం సంప్రదాయం చెప్తుంది. అది తెలివైన పని. అడవిలో ఉండే గుడికి జనం రాలేరు. దారిలో పులులు, దొంగలు. అందుకని దేవుడినే జనం దగ్గరికి పంపారు. పంపేటప్పుడు పూజలో చెంచుల చోటు చెంచులకి వదిలిపెట్టారు. బాణం తీసేసి వేదమంత్రం మాత్రమే ఉంచి ఉండొచ్చు. తీసేయలేదు. ఆ అడవిలో చెంచులు లేకుండా గుడి నడవదని వాళ్ళకి తెలుసు కాబట్టి తీసేయలేదని నేను అనుకుంటాను.

16వ శతాబ్దం చివర్లో గోల్కొండ సేనలు, వాళ్ళతో కలిసిన హండె నాయకులు అహోబిలాన్ని పట్టుకున్నారు. కొన్నేళ్ళు గుడి వాళ్ళ చేతిలోనే ఉంది. తర్వాత విజయనగరం తరఫున కొండరాజుల వంశంవాళ్ళు విడిపించారు. అంత గందరగోళం తర్వాత కూడా ఊళ్ళ తిరుగుడు బతికింది అంటే దాన్ని మోసింది ఊళ్ళే.

ఇప్పుడు నేను సిగ్గుపడే విషయం.

కొన్ని నెలల కిందట నల్లమల పులుల మీద ఒక ఎపిసోడ్ చేశాను. చాలామంది చూశారు. అందులో ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు బాంబుల గురించి చెప్తూ, "ఇక్కడి చెంచులు, వేటగాళ్ళు" అని ఒకే ఊపులో ఒకే వాక్యంలో అనేశాను. స్క్రిప్టు రాసింది నేనే, ఎడిట్ చేసింది నేనే, రెండుసార్లు విన్నాను, నాకేమీ తప్పనిపించలేదు. వీడియో పెట్టిన వారానికి ఒక అబ్బాయి మెసేజ్ చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు, గూడెం నుంచి. పేరు చెప్పను. ఇట్లా రాశాడు: "అన్నా, పార్వేటప్పుడు మా తాత బాణం వేస్తే మీరంతా ఫోన్లు ఎత్తి వీడియో తీస్తారు. అదే విల్లు పట్టుకొని మా తాత అడవిలో కనపడితే కేసు. మీ వీడియోలో మేము ఏ తాత?"

నేను జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆ వాక్యం ఉన్న భాగం వీడియోలో నుంచి తీసేశాను. సారీ చెప్పాను. కానీ వాడు అడిగింది సారీ కాదు, ప్రశ్న. కాబట్టి చదవడం మొదలుపెట్టాను.

చెంచుల గురించి దగ్గరగా చూసి రాసినవాళ్ళలో పెద్ద పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా మనిషి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ ఇండియాలో ఆయన శత్రుదేశం పాస్‌పోర్టుతో ఇరుక్కుపోయాడు. హైదరాబాద్ సంస్థానంలో ఉండనిచ్చారు. అట్లా ఆయన 1940లో అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. అమ్రాబాద్ కృష్ణానదికి అవతలి ఒడ్డు, మనది ఇవతలి ఒడ్డు. అడవీ ఒకటే, మనుషులూ ఒకటే.

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన సంగతి ఏంటంటే, చెంచుల కడుపు నింపేది ఎక్కువగా వేట కాదు. దుంపలు, పళ్ళు, ఇప్పపువ్వు, తేనె. దుంపలు తవ్వే కర్ర వాళ్ళ అసలు పనిముట్టు. ఆ కర్ర ఆడవాళ్ళ చేతిలో కూడా ఉంటుంది. జింక దొరికిన రోజు పండగ, దొరకని రోజులే ఎక్కువ. దొరికితే పంచుకుంటారు. విల్లు పట్టిన చెంచు అనే బొమ్మ మన సినిమాలు, మన పోస్టర్లు, మన యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు తయారు చేసింది. నా థంబ్‌నెయిల్ కూడా అందులో ఒకటి, ఒప్పుకుంటున్నాను.

మరి నల్లమలలో గుట్టలుగా జంతువుల్ని చంపింది ఎవరు? తుపాకీ ఉన్నవాళ్ళు. దొరలు, జమీందార్లు, వాళ్ళ అతిథులు. కెనడాలో మావాడు చేసినట్టే ఫ్రెండ్స్ కలిసి, టెంట్లు వేసుకొని, వంటవాళ్ళతో పోయేవాళ్ళు. దాన్ని షికారు అనేవాళ్ళు. బెంగళూరులో ఉండే కెన్నెత్ ఆండర్సన్ వేట కథలు మీలో కొందరు చదివే ఉంటారు. ఆయన కథల్లో ఒకటి మన నంద్యాల, గిద్దలూరు మధ్య రైలు మార్గంలో, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల చుట్టూ నడుస్తుంది. మనిషిని తినే పులి కథ. అందులో కూడా అడుగుజాడ చూసి చెప్పేది చెంచులే. తుపాకీ, పుస్తకం, పేరు దొరవి.

చట్టం వైపు చూస్తే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశాక లోపల చెట్టు కొట్టాలన్నా, మేపాలన్నా, వేటాడాలన్నా సర్కారు నియమమే. లైసెన్సు ఉన్నవాడిది షికారు. లేనివాడిది దొంగతనం. లైసెన్సు ఎవరి దగ్గర ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

దానికి ముందే ఈ అడవి ఇంకో రకం వేట కూడా చూసింది. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తప్పించుకొని నల్లమలలోకే పోయాడు. ఆయన తల మీద కంపెనీ బహుమానం ప్రకటించింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి. "సైరా" చూసినవాళ్ళకి ఇది తెలుసు. ఆయన్ను వెతుకుతూ అడవిలోకి పోయిన దళాలకి దారి తెలియదు, ఆయనకి దారి చూపిన అడవి మనుషుల్లో చెంచులున్నారు. నరసింహుడి పేరు పెట్టుకున్న మనిషి కోసం వేట, నరసింహుడి అడవిలో. ఇది మళ్ళీ ఎప్పుడైనా పూర్తి ఎపిసోడ్ చేస్తా.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా షికారు చాలాకాలం నడిచింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. అది దొరల షికారుకి తలుపు మూసింది. మంచిదే. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఇప్పుడు అలాంటి అడవిలో వేటాడితే 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు. మా పల్లకీ తిరిగే ఊళ్ళకి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఈ రోజు పులి తిరుగుతోంది అంటే ఆ చట్టం వల్లే. 2022 లెక్కల్లో ఆంధ్ర వైపు ఈ పులుల అడవిలో 58 పులులు. నేను వేట మళ్ళీ రావాలని ఒక్క మాట కూడా అనను.

కానీ వాడి ప్రశ్న వదల్లేదు. కాబట్టి మా కెనడా వాడికి ఫోన్ చేసి అడిగాను: "మీ ఊళ్ళో అసలు ఆ నేలవాళ్ళు, ఆదివాసులు, వాళ్ళు కూడా లాటరీలో పేరు వేసుకోవాలా?" వాడికి తెలియదు. ఇద్దరం వెతికాం. తెలిసింది ఏంటంటే, ఆల్బర్టాలో ఒప్పందాలు ఉన్న ఆదివాసులు తిండి కోసం ఏడాది పొడుగునా వేటాడొచ్చు. 1930 ఒప్పందంలోనే ఆ హక్కు రాసి ఉంది. 1982 రాజ్యాంగంలో 35వ సెక్షన్ అప్పటికి ఉన్న ఆదివాసుల హక్కులను గుర్తించింది. అంటే మావాడు లాటరీలో పేరు వచ్చేదాకా ఆగాలి. ఆ నేల మనిషి ఆగక్కర్లేదు. అక్కడ ఆదివాసులకి జరిగిన అన్యాయాలు చిన్నవి కావు, బడుల పేరుతో పిల్లల్ని లాక్కుపోయిన చరిత్ర వాళ్ళది. అయినా ఈ ఒక్క విషయంలో కాగితం మీద హక్కు ఉంది.

మన దగ్గర? 1972 చట్టంలోనే 65వ సెక్షన్ అని ఒకటుంది. నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కుకి ఈ చట్టం అడ్డు రాదని అందులో రాశారు. అంటే మినహాయింపు ఇవ్వొచ్చన్న ఆలోచన మనవాళ్ళకి తెలుసు. తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిబిడ్డలకి చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం తనంతట తానే మొదట్లో ఒప్పుకుంటుంది. భూమి, తేనె, మేత, చేపలు, సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులు అని లిస్టు ఇస్తుంది. ఆ ఇతర హక్కులు అన్నచోటే, వేట హక్కు తప్ప అని రాసి ఉంటుంది. నేను ఆ వాక్యం మూడుసార్లు చదివాను.

ఇందులో నా అభిప్రాయం ఏంటని అడుగుతారు. చెప్తాను. పులి మిగలాలంటే కణితి మిగలాలి, కణితి మిగలాలంటే ఎవరూ వేటాడకూడదు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ అడవిని ఖాళీ చేసిన తుపాకీవాడికి, దుంప తవ్వుకొని ఎప్పుడో ఒక కుందేలు కొట్టుకున్నవాడికి ఒకే శిక్ష, ఒకే పేరు ఉండటం నాకు అర్థం కాదు. తుపాకీవాడికి షికారీ అనే గౌరవమైన పేరు, గోడ మీద కొమ్ములు మిగిలాయి. చెంచుకి మిగిలింది నా వీడియోలోని వాక్యం.

ఒక విషయం మాత్రం ఆ అబ్బాయి మాటల్లోంచే తెలిసింది. వాళ్ళ మామ ఫారెస్టు వాళ్ళ దగ్గర వాచర్. నల్లమలలో బేస్ క్యాంపుల్లో ఉండి పులి అడుగులు చూసేవాళ్ళలో, కెమెరాలు కట్టేవాళ్ళలో, ఉచ్చులు ఏరేవాళ్ళలో చెంచులు చాలామంది. ఆండర్సన్ కాలంలో చంపడానికి అడుగుజాడ చూపించినవాళ్ళ మనవలు ఇప్పుడు కాపాడటానికి అడుగుజాడ చూస్తున్నారు. జీతం గురించి అడిగితే వాడు ఒక నవ్వు ఎమోజీ పెట్టాడు. ఇంక ఏమీ రాయలేదు.

ఈ కనుమకి పోయి షూట్ చేద్దామనుకుంటున్నాను. ఈసారి బాణం వేసేటప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుంటానో, తీస్తానో ఇంకా తేల్చుకోలేదు. ఆ అబ్బాయినే అడిగాను. "తీయి అన్నా, కానీ మా తాత పేరు అడిగి, ఆయన సరే అంటే వెయ్యి. ఎప్పుడూ ఎవరూ అడగలేదు" అన్నాడు. అది చేస్తాను.

మావాడు కూడా జనవరిలో సెలవు పెట్టి వస్తానంటున్నాడు. మూస్ మాంసం తేవద్దురా, ఎయిర్‌పోర్టులో ఆపుతారు అని చెప్పాను. నంద్యాలలో దిగితే బండి నాది, పెట్రోలు వాడిది. కనుమ తెల్లవారుజామున నాలుగింటికల్లా ఆళ్ళగడ్డ దాటాలి, లేకపోతే దిగువ అహోబిలంలో బండి పెట్టుకోను జాగా దొరకదు. మీలో ఎవరైనా వస్తే శనగ చేల దగ్గర కలుద్దాం. రైతుని అడిగి పీక్కోండి.